రెండు కుండలు, పన్నెండు గవ్వలు

నూకాలమ్మను ఉద్యోగంలోంచి తీసేయాలని మా సంస్థ సిబ్బంది ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం కింద పన్నెండు సంతకాలున్నాయి. అందులో ఏడోది నూకాలమ్మది.

ఆ తీర్మానం రాసింది నేను. సమావేశం జరిగిన రోజున కాదు, దానికి ముందు రోజు.

సోమవారం ఉదయం ఆమె చేతిలో ఉత్తరం పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చేపల గంప దించినట్టు సంచీ కింద పెట్టి, మినిట్సు పుస్తకం చూపించమంది. ఇచ్చాను. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, తొందర లేకుండా చదివింది. చదవడం ఆమెకు మేమే నేర్పాం.

"ఏటి సారూ, ఇది నా సంతకవే కదా?"

"నీదే."

"మరి పైన రాసినదేటి? నన్ను తీసీమని నానే సెప్పినానా?"

"అది నువ్వు సమావేశానికి వచ్చినట్టు పెట్టిన సంతకం, నూకాలమ్మా."

"వొచ్చినట్టు పెడితే పొమ్మన్నట్టు అయిపోనాదా?"

నేను పుస్తకం నా వైపు లాక్కున్నాను. స్వచ్ఛంద సంస్థల్లో పనికి కొత్తగా చేరుతున్నవాళ్ళు నన్ను అప్పుడప్పుడు అనుభవాలు రాయమంటుంటారు. నా ఉద్యోగంలో ఎవరికైనా పనికొచ్చే అనుభవం ఉందంటే అది ఆ మినిట్సు పుస్తకంలోని ఆ పేజీయే. ప్రాజెక్టు నివేదికలు ఎలా రాయాలో ఇంకెవరైనా చెబుతారు.

పత్రిక నుంచి తెచ్చుకున్న అలవాటు

విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో పదిహేనేళ్ళు పనిచేసి, తొంభైల మధ్యలో ఈ సంస్థలోకి వచ్చాను. పత్రికలో ప్రజాస్వామ్యం లేదు, ఉందని ఎవరూ చెప్పనూ లేదు. న్యూస్ ఎడిటర్ అరిచేవాడు, మేం చేసేవాళ్ళం. సాయంత్రానికి అందరం కలిసి టీ తాగేవాళ్ళం. ఎవరి స్థానం ఏమిటో తెలిసిన చోట పని చేయడం ఒక రకంగా సుఖం.

అక్కడ నేను నేర్చుకున్న విద్యల్లో ఒకటి, జరగబోయే సభను జరిగినట్టు రాయడం. ఎడిషన్ టైముకి పేజీ వెళ్ళిపోవాలి. సభ ఆరింటికి మొదలైతే ఐదింటికే వార్త సిద్ధంగా ఉండేది. వక్తలు 'ఉద్ఘాటించారు', 'పిలుపునిచ్చారు', సభికులు 'పెద్దసంఖ్యలో పాల్గొన్నారు'. ఒక్కసారి మాత్రం వక్త రైలు తప్పి రాలేదు. నా వార్తలో ఆయన గంటసేపు ప్రసంగించాడు. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, ప్రసంగం బాగుందని మెచ్చుకున్నాడు.

సంస్థలో నాకు అప్పగించిన పని రాతకోతలు. నెలవారీ సమావేశం మినిట్సు కూడా నాదే. పాత అలవాటు ప్రకారం ముందు రోజే విడి కాగితం మీద రాసేసేవాణ్ణి. పుస్తకంలో పేజీ పై సగం ఖాళీ వదిలి, కింద హాజరు సంతకాలు తీసుకోవడం అనే ఏర్పాటు కూడా నేను కనిపెట్టిందే. టీ వచ్చినప్పుడు పుస్తకం గ్లాసులతో పాటే తిరిగేది. తర్వాత ఆ ఖాళీలో తీర్మానాలు ఎక్కించేవాణ్ణి. డ్రైవరు అప్పలరాజు కింద జీపు దగ్గరే ఉండేవాడు కనుక పుస్తకం కిందికి పంపితే బానెట్ మీద పెట్టి సంతకం చేసి పైకి పంపేవాడు. ఏం తీర్మానించామో ఏనాడూ అడగలేదు.

అన్ని తీర్మానాలూ ఏకగ్రీవమే. మూడేళ్ళ పుస్తకంలో ఒక్క అసమ్మతి లేదు. ఆడిటుకు వచ్చినాయన మా ఐకమత్యానికి ముచ్చటపడ్డాడు.

అన్నయ్య

మా డైరెక్టరుగారిని అందరం అన్నయ్య అనాలి. అది ఆయన పెట్టిన నియమం. "ఇది ఆఫీసు కాదు, కుటుంబం. ఇక్కడ పై, కింద లేవు," అనేవారు. అందుకే కుర్చీలు తీసేయించి చాపలు వేయించారు. మద్దిలపాలెంలో అద్దె మేడ, పై అంతస్తు. సమావేశంలో అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. గుండ్రానికి పై, కింద ఉండవన్న మాట నిజమే. కానీ ఆ గదిలో ఫ్యాను ఒకటే. దాని కింద ఎవరు కూర్చోవాలో మాకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ తప్పలేదు.

ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు తీరానికి మొదట చేరేది ఆయనే. జాలరిపేటలో ఇళ్ళు తీయించేస్తామని అధికారులు వచ్చిన రోజున జీపుకు అడ్డంగా కూర్చుని, లేవనని మొండికేసిన మనిషి. బయటి పెత్తనాన్ని అంతగా ఎదిరించిన మనిషికి తన గదిలోని పెత్తనం ఎందుకు కనబడలేదు అని నేను చాలాకాలం ఆలోచించాను. ఈ రంగంలో ఇలాంటి అన్నయ్యలు మీకు చాలామంది తగులుతారు. చెడ్డవాళ్ళు తగిలితే తేలిక. మంచివాళ్ళతోనే చిక్కు, ఎందుకంటే వాళ్ళకు ఎదురు చెబితే మంచితనానికే ఎదురు చెప్పినట్టు ఉంటుంది.

జాలరిపేటలో ఓటు

మా పని తీరంలో చేపలమ్ముకునే ఆడవాళ్ళ చేత సంఘాలు పెట్టించడం. సంఘం నాయకురాలు ఏడాదికోసారి మారాలి, ఏ నిర్ణయమైనా అందరూ కలిసి తీసుకోవాలి అని చెప్పేవాళ్ళం. మొదట్లో చేతులెత్తమన్నాం. పడవ యజమాని భార్య ఎటు చెయ్యెత్తితే మిగతా చేతులన్నీ అటే లేచేవి.

నూకాలమ్మ అప్పటికి మా ఫీల్డు వర్కరు. పదేళ్ళ వయసు నుంచి గంప మోసిన మనిషి. మా చేతులెత్తే పద్ధతి చూసి నవ్వింది. "మా యమ్మగోరు సూత్తంటే ఎవులెత్తుతారు సారూ, మల్లీ తెల్లారి ఆళ్ళ పడవ కాడికే కదేటి యెల్లాల?" అంది.

మర్నాడు ఆమే రెండు కుండలు తెచ్చింది. ఒకటి ఔను, ఒకటి కాదు. రెండింటికీ గుడ్డ కప్పింది. మనిషికో గవ్వ. గుప్పిట మూసి ఒక కుండలో చెయ్యి పెట్టాలి, గుప్పిట మూసే బయటికి తీయాలి, మళ్ళీ రెండో కుండలో పెట్టాలి. గవ్వ ఎక్కడ వదిలారో వదిలినవాళ్ళకే తెలుసు. గవ్వ పడ్డ చప్పుడు వినబడకుండా కుండల అడుగున ఇసక పోసింది. మేం నెలల తరబడి శిక్షణ తరగతుల్లో తేల్చలేని సంగతి, ఆమె దోసెడు ఇసకతో తేల్చింది.

ఆ పద్ధతినంతా నేను ఒక చిన్న పుస్తకంగా రాశాను. ఎవరి మీదైనా నిర్ణయం తీసుకుంటే, ఆ మనిషి కోరితే మళ్ళీ కూర్చోవాలి. ఆ మనిషి మాట ఆఖర్న వినాలి. ఆమెకూ ఒక గవ్వ ఇవ్వాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి. పుస్తకం అచ్చయి తీరం వెంబడి అన్ని సంఘాలకూ వెళ్ళింది. మా ఆఫీసులోనూ ఒక కట్ట ఉండేది, కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆనించి పెట్టేవాళ్ళం.

ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు

ఒకరోజు నిధులిచ్చే సంస్థ నుంచి నలుగురు వచ్చారు. పేటలో సంఘం సమావేశం చూసి మురిసిపోయారు. అందులో ఒకావిడ, "ఇక్కడ నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని అడిగింది. నేను అనువదించాను.

నూకాలమ్మ ఆలోచించకుండా చెప్పింది. "పేటలోనైతే మేవే. ఆపీసులోనైతే అన్నయ్య."

అనువదించకుండా మింగేద్దామనుకున్నాను. కానీ అప్పటికే పేట ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వుకు అనువాదం అక్కర్లేదు. మాట కూడా అనువదించక తప్పలేదు, వచ్చినావిడ నోటుబుక్కులో రాసుకుంది. అందరికంటే గట్టిగా నవ్వింది అన్నయ్యే.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో ఆయన సముద్రంకేసి తిరిగి కూర్చున్నారు. అప్పలరాజు అద్దంలో వెనక్కి చూసి, నాకు మాత్రం కనబడేలా కనుబొమలు ఎగరేశాడు.

నెల తిరిగేసరికి సమావేశం ఎజెండాలో 'క్షేత్రస్థాయి సిబ్బంది పునర్వ్యవస్థీకరణ' అనే అంశం చేరింది. దాని అర్థమేమిటో అన్నయ్య నాకు చిన్న చీటీ మీద రాసిచ్చారు: జాలరిపేట పోస్టు రద్దు, నూకాలమ్మ సేవలకు ధన్యవాదాలు. అసలు వార్తను దాచడానికి పెట్టే శీర్షికలు పత్రికలో నేనెన్నో రాశాను. చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి, అలవాటు ప్రకారం ముందు రోజే తీర్మానం రాసి ఉంచుకున్నాను.

సమావేశంలో అన్నయ్య ఆ అంశం గురించి రెండు నిమిషాలు మాట్లాడారు. 'వనరుల సద్వినియోగం' అన్నారు. 'కాలానుగుణం' అన్నారు. నూకాలమ్మ పేరు రాలేదు. "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని అడిగేసరికి కింద డిపోలోకి తిరుగుతున్న బస్సు హారను పొడుగ్గా కొట్టింది. అది ఆగాక, అభ్యంతరాలు లేవని తేలింది. టీ వచ్చింది. పుస్తకం తిరిగింది. నా పక్కనే కూర్చున్న నూకాలమ్మ పెన్ను అందుకుని, వంకరలేకుండా, పూర్తి పేరుతో సంతకం పెట్టింది. నేను పుస్తకం తీసుకున్నాను.

ఇంతే నేను చేసింది. ఎవరినీ మోసం చేయలేదని రెండు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను.

ముందుమాట

ఆ సోమవారం నూకాలమ్మ నా దగ్గర ఆగలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, రెక్కకు ఆనించిన కట్టలోంచి ఒక పుస్తకం లాగింది. కిటికీ టపటపా కొట్టుకుంటుండగా అన్నయ్య గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"ఈ బుక్కు మనదే కదన్నయ్యా?"

"మనదే. ఏం నూకాలమ్మా?"

"మనిసి మీద తీర్మానం సేత్తే, ఆ మనిసి అడిగితే మల్లీ కూకోవాలని ఉన్నాది. నానడుగుతన్నాను."

"అది సంఘాలకమ్మా. మనం సంఘం కాదు కదా. మనం కుటుంబం."

"కుటుంబంలోంచి తీసీసినప్పుడు కాయితం ఎందుకిచ్చినారు మరి? ఇంటికాడ ఎవులైనా కాయితం ఇత్తారేటి?"

అన్నయ్య నవ్వబోయారు. ఆమె మొదటి పేజీ తెరిచి వేలు పెట్టి చదవసాగింది. 'ఈ నియమాలు మత్స్యకార మహిళలకు బోధించే ముందు మా సంస్థే వీటిని పాటిస్తుందని హామీ ఇస్తున్నాను.' కింద అన్నయ్య సంతకం.

ఆ ముందుమాట నేనే రాశాను. అలాంటి వాక్యం ఒకటుంటే బాగుంటుందని వేశాను, అంతే. ఆయన చదవకుండా సంతకం పెట్టారు.

అన్నయ్య తన సంతకంకేసి చూసి, శుక్రవారం మళ్ళీ కూర్చుందామన్నారు. ఆ గదిలో చదవకుండా సంతకం పెట్టినవాళ్ళు ఇద్దరు, ఇద్దరి చేతా పెట్టించింది ఒకడే. ఆ ఒకడు బయట టేబులు దగ్గర తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటిస్తున్నాడు.

లెక్కింపు

శుక్రవారం మళ్ళీ కూర్చున్నాం. ఈలోగా అన్నయ్య ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి మాట్లాడారు. అందరూ "మీ ఇష్టం అన్నయ్యా" అనే చెప్పారు. నేనూ అదే చెప్పాను. ఆయనకు ఓటింగంటే భయం పోయి, ఉత్సాహం కూడా వచ్చింది.

నూకాలమ్మ రెండు కుండలు, కొంగున మూటగట్టిన ఇసక, పన్నెండు గవ్వలు తెచ్చింది. శిక్షణలు చూసే శ్యామల గవ్వలు పంచుతూ కిటికీలోంచి కిందికి కేకేసింది. అప్పలరాజు గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"నాకూ ఉన్నాదేటి గవ్వ?"

"హాజరు బుక్కులో పేరున్నోలందరికీ ఉన్నాది బావా, రా," అంది నూకాలమ్మ.

"బండి కాడ ఎవులూ నేరు మరి."

"బండినెవులూ తీసీరులే, నన్నే తీసీసినారు. రా."

ఏడేళ్ళ ఉద్యోగంలో అతను ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. తెలియక వెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నాడు. లేవమని ఎవరూ అనలేదు, ఎలా అంటారు, గుండ్రం కదా. అన్నయ్య గోడ పక్కకు సర్దుకుని, సమావేశం పొడుగునా చేతిరుమాలుతో విసురుకున్నారు.

ఆయన మాట్లాడారు. నమ్మకం ఉన్నచోట రహస్యం ఎందుకని బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, గొంతులో తెలిసింది. నియమం ప్రకారం నూకాలమ్మ ఆఖర్న మాట్లాడింది.

"పేటలో నాకు పని దొరుకుతాది, గంపెత్తుకుంతాను. అది గాదు. నాను తప్పు సేసినానంటే సెప్పండి, ఎల్లిపోతాను. ఏటి తప్పో ఈ కాయితంలో రాయనేదు. సెప్పకుండా తీసీసినారని పేటలో తెలిస్తే, రేపు సంగంలో నాను ఆళ్ళకేటి సెప్పాల?"

తర్వాత పన్నెండుమందీ ఒక్కొక్కరే లేచి, రెండు కుండల్లోనూ గుప్పిళ్ళు పెట్టి వచ్చారు. శ్యామల గుడ్డలు తీసి, ఇసకతో సహా చాప మీద ఒంపింది.

ఉంచాలన్న కుండలో పది. తీసేయాలన్న కుండలో రెండు.

అన్నయ్య ఆ రెండు గవ్వలకేసి చాలాసేపు చూశారు. ఒకటి తనదని ఆయనకు తెలుసు. రెండోది ఎవరిదన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఆ వారం రోజుల్లో మాలో నలుగురు విడివిడిగా గదిలోకి వెళ్ళి, ఆ రెండో గవ్వ తమదేనని చెప్పుకున్నారు. నలుగురికీ ఆయన కృతజ్ఞతలు చెప్పారు. నేను వెళ్ళలేదు. వెళ్ళాలనిపించలేదని మాత్రం అనను.

నూకాలమ్మ ఆ మధ్యాహ్నమే పేటకు వెళ్ళి పని మొదలుపెట్టింది.

నా రెండో తప్పు

మొదటి తప్పు ఏమిటో మీకు తెలిసింది. ఖాళీ పేజీ కింద సంతకాలు తీసుకోవద్దు. ఎవరైనా తీసుకుంటుంటే మీరు పెట్టొద్దు. ఏకగ్రీవం అన్న మాట వరసగా నాలుగుసార్లు కనబడితే ఆ ఆఫీసులో ఎవరో భయపడుతున్నారని అనుకోండి. మినిట్సు రాసేవాడు చిన్న ఉద్యోగి అనుకోవద్దు. పత్రికలో నేను రాసినదాంట్లో మర్నాటికి పొట్లాలు కట్టుకునేవాళ్ళు. ఇక్కడ రాసింది మనుషుల బతుకు మీద నిలబడిపోయింది.

రెండో తప్పు ఇంకా చిన్నగా కనిపిస్తుంది. గవ్వల ఓటింగు తర్వాత అన్నయ్య పెద్దమనసు చేసుకుని, ఇకమీదట సిబ్బంది ఓటింగు లేకుండా ఎవరినీ తీసేయకూడదని నియమం పెడదామన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన చెబుతుంటే నేను రాశాను. 'సిబ్బంది' దగ్గర ఆగి, "శాశ్వత సిబ్బంది అని రాయండి, స్పష్టంగా ఉంటుంది," అన్నారు. అప్పుడు అందరం శాశ్వత సిబ్బందే. రాసేశాను. ఈసారి అందరూ చదివే సంతకం పెట్టారు.

రెండు వేల సంవత్సరం దాటాక నిధులిచ్చేవాళ్ళ పద్ధతి మారింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. ఒకరు మానేస్తే వారి చోట కాంట్రాక్టు మనిషి వచ్చేవాడు. శ్యామల పెళ్ళి చేసుకుని రాయపూర్ వెళ్ళింది. ఇంకో ఇద్దరు రుషికొండలో వెలిసిన కొత్త ఆఫీసులకు వెళ్ళారు. నూకాలమ్మకు 'క్లస్టర్ కోఆర్డినేటర్' అని పెద్ద పోస్టు ఇచ్చారు, అదీ కాంట్రాక్టే. ఆ కాగితం నా టేబులు దగ్గరే రెండుసార్లు చదివింది.

"ఇందుల ఓటు సంగతి ఏటీ నేదేటి సారూ?"

"అది వేరే నియమం కదా, దానిదేముంది," అన్నాను.

నేను ఆ నియమం తీసి మళ్ళీ చదివితే రెండు నిమిషాలు పట్టేది. చదవలేదు. నాకు యాభై ఎనిమిది నిండగానే నేనూ సలహాదారుగా మారాను. సలహాదారుకు గవ్వ ఉండదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

చివరికి మా ఆఫీసులో శాశ్వత సిబ్బంది ఇద్దరు మిగిలారు. డైరెక్టరు, డ్రైవరు.

నూకాలమ్మ, మరో తొమ్మిదిమంది ప్రాజెక్టు సిబ్బంది కలిసి, తమకూ ఓటు ఉండాలని అర్జీ పెట్టారు. దాన్ని ఆమోదించాల్సింది ఓటున్నవాళ్ళే. కుండలు తెచ్చారు, గుడ్డలు కప్పారు, ఇసక పోశారు. అన్నయ్య వెళ్ళి రెండు కుండల్లోనూ గుప్పిట పెట్టి వచ్చారు. అప్పలరాజు వెళ్ళి పెట్టి వచ్చాడు. ఔను కుండలో ఒకటి, కాదు కుండలో ఒకటి. రహస్య ఓటింగే. మేమందరం మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాం.

"నీ మీద కోపం లేదు అప్పలరాజూ," అన్నారు అన్నయ్య.

"నానేటీ సెప్పనేదు కదా అన్నయ్యా," అన్నాడు అప్పలరాజు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే జీపులో ఇళ్ళకు వెళ్ళారు.

ఓట్లు సమానమైతే అంశాన్ని తర్వాతి సమావేశానికి వాయిదా వేయాలని నా పుస్తకంలో ఉంది. నేను సంస్థ నుంచి పూర్తిగా తప్పుకున్న నాటికి అది పదకొండుసార్లు వాయిదా పడి, ఎజెండాలో మూడో అంశంగా ఉంది. నూకాలమ్మ కాంట్రాక్టు గడువు మార్చి నెలాఖరు; గడువు తీరడానికి ఎవరి ఓటూ అక్కర్లేదు.